బిషప్ వాళ్ళ నాన్న

డెల్ఫీనా శికాయ్‌కి లాస్ ఏంజెలెస్‌లో నూట ముప్ఫై కుక్కల పేర్లు తెలుసు. మనుషుల పేర్లు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ సంగతి ఆమె గొప్పగానే చెప్పుకునేది.

హాలీవుడ్ వెనక కొండదారిలో పద్ధతే అది. పొద్దున గేటు తెరవగానే ఎక్కేవాళ్ళంతా ఒకళ్ళకొకళ్ళు కుక్కల పేర్లతోనే తెలుసు. ఎర్ర టోపీ పెట్టుకునే లావుపాటావిడ వాఫుల్ వాళ్ళమ్మ. ఫోన్లో డైలాగులు బట్టీ పడుతూ రాళ్ళు చూసుకోకుండా నడిచే కుర్రాడు టాంగో వాళ్ళ నాన్న. కుక్క పేరు అడగడం మర్యాద. మనిషి పేరు అడిగితే ఏదో అమ్మడానికి వచ్చావనుకుంటారు, లేదా సినిమాలో వేషం కోసం వచ్చావనుకుంటారు. ఆ ఊళ్ళో ఆ రెండూ ఒకటే పని. డెల్ఫీనా రోజూ ఊరివాళ్ళ కుక్కల్ని ఆరింటిని నడుముకి కట్టిన బెల్టుకి తగిలించుకుని ఎక్కుతుంది కాబట్టి ఆమె ‘ఆరు కుక్కలావిడ’ అయింది. ఒక రోజు ఐదే ఉన్నా ఆ పేరు మారదు.

గ్వాటెమాలాలో షేలా దగ్గర పల్లె నుంచి ఇరవై రెండో ఏట వచ్చిందామె. ఇప్పుడు యాభై మూడు. మొదట్లో ఇళ్ళు తుడిచింది. ఒక ఇంట్లో యజమానురాలు ఊరెళుతూ కుక్కని కాస్త తిప్పమంది. ఆ కాస్త తిప్పడానికి ఇల్లు తుడిచినదానికంటే ఎక్కువ ఇచ్చేసరికి డెల్ఫీనా చీపురు పక్కన పడేసింది. ఆమెకి కుక్కలంటే అంత ప్రేమేం లేదు. పల్లెలో కుక్కల్ని రాయి విసిరి తరిమేవాళ్ళు. ఇక్కడ వాటి మలాన్ని సంచీల్లో ఎత్తి మోస్తున్నానని అమ్మకి ఫోన్లో చెబితే, తల్లి అబద్ధమాడకే అని కోప్పడింది. కానీ పని వచ్చు. ఏ కుక్క ఏ కుక్కని చూస్తే గుర్రుమంటుందో, ఏది ఎండకి ముందు డీలా పడుతుందో ఆమెకి తెలిసినంతగా వాటి యజమానులకి తెలియదు.

మనిషన్నాక ఎవరో ఒకరితో మాట్లాడాలి కదా. ఆమె మాట్లాడేది బిషప్ వాళ్ళ నాన్నతో.

బిషప్ ముసలి నల్ల లాబ్రడార్. మూతి తెల్లబడింది. దాని యజమాని డెబ్భై దాటిన తెల్లాయన. ఎడమ మోకాలికి ఆపరేషనయింది. అరిగిపోయిన గడ్డి టోపీ, చొక్కా జేబులో పొడిచేప బిస్కట్లు. ఆరేళ్ళుగా ఇద్దరూ తూర్పు వైపు వెడల్పు దారిన కలిసి ఎక్కి, పైన చెక్క బెంచీ దగ్గర పది నిమిషాలు ఆగేవాళ్ళు. అక్కణ్ణుంచి ఊరంతా కింద పరుచుకుని ఉంటుంది. గాలి వీచిన మర్నాడైతే సముద్రం కూడా తెల్లటి గీతలా కనిపిస్తుంది. చుట్టూ కుర్రకారు ఊరికి వీపు తిప్పి, తమ ముఖాలకి ఫోటోలు తీసుకుంటూ ఉండేవాళ్ళు. వీళ్ళిద్దరూ మాత్రం ఊరి వైపు తిరిగి కూర్చునేవాళ్ళు.

ఆయన భార్య పోయి నాలుగేళ్ళయింది. చితాభస్మాన్ని పడమటి గట్టు మీద, దారి వదిలి కాస్త లోపలికి వెళితే వచ్చే ఎర్ర రాళ్ళ దగ్గర చల్లాడు. అది చట్టానికి విరుద్ధం, ఆ ఊళ్ళో అందరూ చేసే పనీను. నెలకోసారి పద్నాలుగో తారీఖున ఆ రాళ్ళ దగ్గరికి ఒంటరిగా వెళ్ళొచ్చేవాడు. కూతురు సియాటిల్‌లో ఉంటుంది, ఫోన్ చెయ్యదు. ఇవన్నీ డెల్ఫీనాకి తెలుసు. ఆయనకి రాత్రుళ్ళు కాలు ఎక్కడ లాగుతుందో కూడా తెలుసు. పేరు తెలియదు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అడగాలనిపించలేదు.

ఆయన అడిగేవాడు, ఆమె చెప్పేది. డెల్ఫీనా ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది. ఆయన తొందరపెట్టేవాడు కాదు. ఫిబ్రవరిలో ఆమె ఉండే బిల్డింగుని ఎవరో కొన్నారు. తలుపు తలుపుకీ నోటీసు అంటించారు, ఖాళీ చెయ్యాలని, పడగొట్టి కొత్తది కడతామని. పద్నాలుగు వాటాల గులాబీ రంగు బిల్డింగు అది. నడవాలో నిమ్మచెట్టు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే ఉంటోంది డెల్ఫీనా. ఆ అద్దెకి ఈ ఊళ్ళో ఇప్పుడు గ్యారేజీ కూడా దొరకదు. అక్కణ్ణుంచి కదిలితే ఎడారి ఊళ్ళకి పోవాల్సిందే. పోతే కుక్కలుండవు, పనుండదు. నోటీసు వచ్చిన మర్నాడు బెంచీ మీద కూర్చుని ఆయన ముందే ఏడ్చేసింది. ఆయన జేబురుమాలు ఇచ్చాడు. ఇల్లు ఎక్కడని అడిగాడు. వీధి చెప్పింది, నిమ్మచెట్టు సంగతి చెప్పింది. ఆయన చాలాసేపు ఊరి వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత రోజూ బిల్డింగు కబుర్లే. పై వాటా యుస్టోలియా ఆమెకి కొమాద్రె, అంటే డెల్ఫీనా కూతురికి జ్ఞానస్నానం నాడు తల్లి స్థానంలో నిలబడ్డ మనిషి, అక్కచెల్లెళ్ళకంటే ఎక్కువ. యుస్టోలియా మనవడికి ఈ దేశంలో ఉండటానికి కాగితాల్లేవనీ, ఎవరైనా యూనిఫారం వేసుకుని తలుపు తడితే ఆవిడ స్నానాల గదిలో దాక్కుంటుందనీ డెల్ఫీనా చెప్పింది. మంగలి ఇలారియో అందర్నీ కూడగడుతున్నాడనీ, అతనికి గుండెజబ్బుందనీ చెప్పింది. బిషప్ వాళ్ళ నాన్న ఒక్కటీ మరిచిపోయేవాడు కాదు. “యుస్టోలియా మనవడు ఎలా ఉన్నాడు?” అని పేరు పెట్టి అడిగేవాడు. ఇంత శ్రద్ధగా వినేవాడు అయినవాళ్ళలో కూడా లేడని మురిసిపోయేది డెల్ఫీనా.

జూన్‌లో ఇద్దరు మనుషులు పోలీసుల్లా బిళ్ళలు కుట్టిన నల్లకోట్లు వేసుకుని వచ్చారు. వచ్చీ రాగానే పద్నాలుగు తలుపుల్లో యుస్టోలియా తలుపే తట్టారు. మనవడి గురించి రెండు ప్రశ్నలడిగి, ఖాళీ చేస్తానన్న కాగితం ముందు పెట్టారు. ఆ మధ్యాహ్నమే ఆవిడ సంతకం చేసేసి, వాళ్ళిచ్చిన చెక్కు తీసుకుని, వారం తిరక్కుండా మనవడితో సహా ఎడారి ఊరికి వెళ్ళిపోయింది. తర్వాత ఇంకో రెండు కుటుంబాలు, అవీ బలహీనమైనవే. మన గుట్టు ఎవరో బయట చేరవేస్తున్నారని ఇలారియో మీటింగులో అన్నాడు. అందరి చూపులూ కొత్తగా దిగిన ఫిలిప్పీన్స్ నర్సు లిగాయా మీదికి పోయాయి. ఆ పిల్ల నిమ్మకాయలు కోసుకుంటే కూడా అనుమానంగా చూశారు. డెల్ఫీనా అందరికంటే ముందు పలకరించడం మానేసింది.

అక్టోబరులో ఇలారియో కౌంటీ ఆఫీసులో రెండు రోజులు పడిగాపులు కాసి, బిల్డింగు కొన్న కంపెనీ పేరు వెనకున్న మనిషి పేరు లాక్కొచ్చాడు. వెండెల్ స్ట్రౌడ్. ఆదివారం అందరూ నడవాలో కూర్చుని అట్టల మీద ఆ పేరు రాశారు. డెల్ఫీనా చేతిరాత బావుంటుంది. ఐదు అట్టల మీద ఎర్రరంగుతో ఆమే రాసింది. పిల్లలు ఆ అట్టలు పట్టుకుని నిమ్మచెట్టు చుట్టూ తిరుగుతూ ఆ పేరుని బండబూతుల్తో కలిపి పాడుకున్నారు. పెద్దవాళ్ళెవరూ ఆపలేదు.

ఆ గురువారం పద్నాలుగో తారీఖు. ఎడారి నుంచి వేడిగాలి రాత్రంతా కొట్టి, తొమ్మిదింటికే ఎండ మాడ్చేస్తోంది. డెల్ఫీనా కుక్కల్ని తొందరగా కిందికి దింపుతోంది. మలుపు దగ్గర బిషప్ ఒక్కటే ఎదురొచ్చింది. నాలుక నేలని తాకుతోంది, తాడు వెనక దుమ్ములో ఈడ్చుకొస్తోంది. 

అత్యవసర సాయానికి తొమ్మిది ఒకటి ఒకటికి ఫోన్ చేసింది. అవతల అమ్మాయి తప్పిపోయిన మనిషి పేరు అడిగింది. డెల్ఫీనా దగ్గరున్నది ఒకటే పేరు. బిషప్ వాళ్ళ నాన్న అంది. బిషప్ ఎవరని అడిగింది ఆ అమ్మాయి. కుక్క అంది. ఆ అమ్మాయి ఓపిక పట్టి ఇంటిపేరు, వయసు, ఉండే చోటు అడిగింది. టోపీ రంగు, మోకాలి ఆపరేషను, చచ్చిపోయిన భార్య పేరు చెప్పగలిగింది డెల్ఫీనా. అరే, ఆరేళ్ళు నడిచిన మనిషికి పేరు లేకుండా పోయిందేమిటని ఆమెకే మతిపోయింది.

వాళ్ళొచ్చేసరికి ముప్పావుగంట పడుతుందన్నారు. డెల్ఫీనా తన ఆరు కుక్కల్నీ టాంగో వాళ్ళ నాన్నకి అప్పజెప్పింది. ఆ కుర్రాడు ఆరు తాళ్ళలో చిక్కుకుని, తనకి పదిన్నరకి ఆడిషన్ ఉందని గొణిగాడు. ఆడిషన్ నేను చూస్తాలే, నువ్వు కుక్కల్ని చూడు అని, బిషప్‌ని పట్టుకుని పడమటి గట్టు ఎక్కింది. అది నిలువు దారి. ఆ ఎండలో పాముల భయం. ఎర్ర రాళ్ళ దగ్గర ఎవరూ లేరు. అప్పుడు బిషప్ మెడబిళ్ళ మీద ఫోన్ నంబరు కనిపించింది. ఇన్నేళ్ళూ చూసినదే, ఎప్పుడూ అవసరం పడలేదు. ఆ నంబరుకి చేసింది. కింద పొదల్లోంచి ఫోన్ మోగింది.

ఆయన రెండు నిలువుల లోతున, బండల మధ్య పడి ఉన్నాడు. కాలు అడ్డదిడ్డంగా మెలిపడింది, పెదాలు పగిలిపోయాయి, కళ్ళు సగం తెరుచుకున్నాయి. డెల్ఫీనా దొర్లుకుంటూ దిగింది. కుక్కల కోసం తెచ్చిన నీళ్ళతో ఆయన నోరు తడిపింది, తలకి చుట్టుకున్న గుడ్డ విప్పి నీడ పట్టింది. నలభై నిమిషాలు అలాగే కూర్చుని, వచ్చిన ఇంగ్లీషంతా వాడి, నిద్రపోనివ్వకుండా మాట్లాడుతూనే ఉంది. చెప్పడానికి బిల్డింగు సంగతులు తప్ప ఏం దొరకలేదు. నిమ్మచెట్టు కాపు గురించి, ఇలారియో గుండె గురించి, ఆదివారం రాసిన అట్టల గురించి చెప్పింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నొప్పి అనుకుంది.

హెలికాప్టర్ వచ్చింది. అగ్నిమాపకవాళ్ళు స్ట్రెచర్ దింపారు. ఒకతను ఆయన ప్యాంటు జేబులోంచి పర్సు తీసి, కార్డు చూసి రేడియోలో చెప్పాడు.

“మగమనిషి, డెబ్భై మూడేళ్ళు. పేరు వెండెల్ స్ట్రౌడ్.”

డెల్ఫీనాకి మొదట ఏమీ అర్థం కాలేదు. ఆ పేరు ఎక్కడో తెలిసిన పేరే అనుకుంది. తర్వాత తన చేత్తో రాసిన ఎర్ర అక్షరాలు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. ఇంకోసారి చెప్పమని ఆ మనిషిని అడిగింది. అతను చెప్పాడు.  స్ట్రెచర్ గాల్లోకి లేస్తుంటే ఆయన తల తిప్పి ఆమె వైపే చూస్తున్నాడు. మీరు ఆయనకి ఏమవుతారని కార్డు చూసినతను అడిగితే, కుక్కని నేను తీసుకెళతానని చెప్పి, తాడు రెండు చేతులా పట్టుకుంది.

ఆరు కుక్కల్నీ వాటి ఇళ్ళకి చేర్చి, బిషప్‌ని తనతో ఇంటికి తెచ్చుకుంది. ఒకే పేరుతో ఇద్దరుండొచ్చు కదా అని తనకి తానే సర్దిచెప్పుకుంది. అంతలోనే యుస్టోలియా తలుపు మొదట తట్టడం గుర్తొచ్చింది. ఏ నెల ఏం చెప్పిందో, తర్వాత ఏ నెల ఎవరు ఖాళీ చేశారో వరసగా కూడబలుక్కుంటూ పోతే, ఒక్క వరస కూడా తప్పలేదు. మెట్ల దగ్గర లిగాయా ఎదురుపడింది. ఎప్పటిలాగే తల వంచుకుని పక్కకి తప్పుకుంది. తప్పుకోవాల్సింది ఆ పిల్ల కాదు. డెల్ఫీనా గదిలోకి పోయి తలుపేసుకుంది.

శనివారం ఆసుపత్రికి వెళ్ళింది. ఆయన కాలు పైకి కట్టి ఉంది. ఆమెని చూడగానే ముఖం వెలిగింది, ఆమె ముఖం చూశాక ఆరిపోయింది. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

“ఆ గులాబీ రంగు బిల్డింగు మీదేనా?”

“నాదే.”

“నేనక్కడ ఉంటున్నానని ఎప్పుడు తెలిసింది?”

“మీరు ఏడ్చిన రోజు. నిమ్మచెట్టు అన్నారుగా.”

ఎనిమిది నెలలు.  యుస్టోలియా దగ్గరికి ముందు పంపింది మీరేనా అని అడిగింది. ఆయన కాదనలేదు. ఎవరితో మొదలుపెడితే తొందరగా తేలుతుందని లాయరు అడిగాడనీ, తనకి తెలిసింది చెప్పాననీ అన్నాడు. ఆ పిల్లాడి గురించి కూడా చెప్పానన్నాడు. ఇది వ్యాపారం, ఇందులో మీ మీద కోపమేమీ లేదన్నాడు.  కోపం ఉండి చేసినా బాగుండేదని ఆమెకి అనిపించింది.

“పొద్దున మీతో మాట్లాడ్డం తప్ప నాకింకెవరితోనూ మాటల్లేవు” అన్నాడాయన. “అది మాత్రం నాటకం కాదు. మీరు నా ప్రాణం కాపాడారు. కొత్త బిల్డింగులో మీకొక వాటా, ఇప్పటి అద్దెకే, మీరున్నన్నాళ్ళూ. రాసిస్తాను. ఒకటే మాట, మిగతావాళ్ళకి ఇది తెలియక్కర్లేదు.”

ఎనిమిది నెలలుగా ఆమె ప్రార్థించింది దానికోసమే. ఇప్పుడది తనంతట తానే చేతికందుతోంది, నోరు మూసుకుంటే చాలు. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఆ మాటే లోపల తిరిగింది. వద్దు అని అక్కడికక్కడే ఎందుకనలేదో ఆమెకే తెలియలేదు. దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు ముందుకి పోయింది.

ఆదివారం సాయంత్రం మీటింగుకి పదకొండు కుటుంబాలూ వచ్చాయి. ఇలారియో సోమవారం ఊరేగింపు గురించి చెబుతున్నాడు. డెల్ఫీనా లేచింది. మాటలు ముందే పేర్చుకుంది గానీ అవన్నీ చెదిరిపోయాయి.

“మన గుట్టు బయటపెట్టింది లిగాయా కాదు. నేను” అంది.

తర్వాత ఆపకుండా అంతా చెప్పేసింది. బెంచీ, జేబురుమాలు, ఒక్కొక్కరి గురించి తాను చెప్పిన ఒక్కొక్క మాట, కొండ మీద నీళ్ళు పోసి బతికించడం, చివరికి ఆ వాటా బేరం కూడా. దాచుకుందామన్న ఆశ రాత్రి తెల్లారేదాకా ఉందని కూడా చెప్పింది.   లిగాయా లేచి, ఎవరి వైపూ చూడకుండా తన గదిలోకి వెళ్ళి తలుపు మెల్లగా వేసుకుంది. ఇలారియో ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఊపిరి కూడదీసుకున్నాడు.

“ఆ పేరైనా అడగలేదా?” అన్నాడు చివరికి. “ఆరేళ్ళు?”

“అక్కడెవరూ అడగరు” అంది. చెబుతుంటే ఆ మాట ఎంత బోడిగా ఉందో ఆమెకే తెలిసింది.

“మాకు చెప్పింది చాల్లే. పోగొట్టుకున్నది యుస్టోలియా. ముందు ఆవిడకి చెప్పు, ఇక్కడే, మా ముందే. ఆ తర్వాత నీతో మాట్లాడాలో వద్దో మేం చూసుకుంటాం.”

ఫోన్ మూడుసార్లు మోగాక యుస్టోలియా ఎత్తింది. వెనక టీవీ మోగుతోంది. ఎలా ఉన్నావు కొమాద్రె అని సంబరంగా అడిగింది. మనవడికి స్కూలు దూరమైందనీ, తను రెండు గంటలు బస్సెక్కి పనికి రావాల్సొస్తోందనీ చెప్పబోతుంటే డెల్ఫీనా ఆపింది. ఈసారి ఇంకా తక్కువ మాటల్లో చెప్పింది. చెబుతుండగానే టీవీ చప్పుడు ఆగిపోయింది. అయిపోయాక పెట్టేసిందేమోనని డెల్ఫీనా తెర చూసుకుంది. పెట్టలేదు.

“అతనెవడో ముందే తెలిసుంటే ఆ కొండెక్కేదానివా?” అని అడిగింది యుస్టోలియా.

ఎక్కేదాన్ని కాదని చెప్పాలని మూడు రోజులుగా అనుకుంటూనే ఉంది డెల్ఫీనా. ఆ జవాబు నాలుక చివరే ఉంది. చుట్టూ అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు.

“ఎక్కేదాన్ని” అంది.

“తెలుసు” అంది యుస్టోలియా. గొంతులో కోపం లేదు. “నువ్వట్లాంటిదానివనే పిల్లాడి సంగతి నీ ఒక్కదానికే చెప్పుకున్నాను.”

ఫోన్ పెట్టేసింది.